ముఖము గీయుట: కొలతయు, పోలికయు

పలకయు బలపమును చేతికిచ్చినచో పసివాడు అక్షరములకంటె ముందు ముఖమునే గీయును. ఒక గుండ్రని గీత. అందులో పైభాగమున రెండు చుక్కలు. వాని నడుమ నొక నిలువు గీత. క్రింద నొక అడ్డుగీత. సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ గ్రామపు పిల్లవాడైనను, పారిసు నగరపు పిల్లవాడైనను గీయునది ఇదియే. చిత్రమేమనగా, పెద్దవారమైన పిదప మన చేతికి పెన్సిలిచ్చి ఎదుటివారి ముఖమును గీయుమన్నచో మనలో పెక్కుమంది చేయునదియు దాదాపు ఇంతియే. కన్నులు తలకు పైభాగమున చేరును, నుదురు అణగిపోవును, మాడు లేకయే పోవును.

అద్దము ముందు నిలిచి ఒక పుల్లతో కొలిచి చూడుడు. నడినెత్తినుండి కన్నులవరకు ఎంత దూరమో, కన్నులనుండి గడ్డము కొనవరకు ఇంచుమించు అంతియే దూరము. అనగా పెద్దవారి ముఖమున కన్నులు తలకు సరిగా నడుమ నున్నవి. పుట్టినది మొదలు దినదినమును ముఖములనే చూచుచున్న మనకు ఈ చిన్న సంగతి ఏల తెలియలేదు? మనము ఎదుటివారి కన్నులను, నోటిని చూచి వారి మనస్సును తెలిసికొందుము. నెత్తిని చూచి తెలిసికొనునది ఏమియు లేదు. కావున మనస్సు తనకు పనికివచ్చిన భాగములకు ఎక్కువ చోటిచ్చి, పనికిరాని భాగములను కుదించివేయును. చేయి ఆ మనస్సు చెప్పినదే గీయును గాని కన్ను చూచినది గీయదు. ముఖము గీయుటలోని కష్టమంతయు చేతిలో లేదు, ఇచ్చట నున్నది.

ఈ కష్టమును దాటుటకు మన దేశమున శిల్పులును చిత్రకారులును రెండు మార్గములను కనిపెట్టిరి. ఒకటి కొలత, రెండవది పోలిక. ఈ రెండును ఎట్లు పుట్టినవో, ఎట్లు వేరువేరుగా నడచినవో, ఒక పెన్సిలు ముక్కలో ఎట్లు కలిసికొన్నవో చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

మొదట కొలతను గూర్చి. పెన్‌పహాడ్ మండలమునందే నాగులపహాడ్ అను గ్రామము కలదు. అచ్చట కాకతీయుల కాలపు దేవాలయములు కలవు. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱియందు కాకతీయ సామంతులైన రేచెర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఆలయములు నిలిచియున్నవి. వానిలో ఎఱుకేశ్వరాలయము 1208వ సంవత్సరమునాటిది. ఆ స్తంభములమీది నర్తకీమణుల ముఖములను, ద్వారపాలకుల ముఖములను నిదానించి చూచినచో ఒక విషయము స్ఫురించును. శిల్పములు వేరైనను, భంగిమలు వేరైనను, ముఖముల పొందిక ఒక్కటే. నుదురెంతో, ముక్కంత, ముక్కెంతో, పెదవులును గడ్డమును కలిసి అంత. ఇది ఆ శిల్పులకు యాదృచ్ఛికముగా కుదిరినది కాదు.

మన శిల్పశాస్త్రమున తాలమానమను నొక పద్ధతి కలదు. తాలమనగా పండ్రెండంగుళములు. ఈ అంగుళము బడిపిల్లల కొలబద్దమీది అంగుళము కాదు. చెక్కదలచిన విగ్రహపు ఎత్తును భాగించి తెచ్చుకొన్న అంశము. నవతాలమున చెక్కు విగ్రహమున నూటయెనిమిది అంగుళములుండును. అందు ముఖము పండ్రెండంగుళములు. మెడ నాలుగు, మెడనుండి ఱొమ్మువరకు ఒక ముఖమంత, ఱొమ్మునుండి నాభివరకు ఒక ముఖమంత, తొడ రెండు ముఖములంత, పిక్క రెండు ముఖములంత. అనగా మానవశరీరమునంతటిని కొలుచుటకు మన పూర్వులు ఎన్నుకొన్న కొలబద్ద మానవుని ముఖమే! ఆ ముఖమును మరల మూడు సమభాగములు చేసిరి. తల వెండ్రుకల మొదలునుండి కనుబొమల వరకు నాలుగంగుళములు, కనుబొమలనుండి ముక్కు కొనవరకు నాలుగు, అచ్చటనుండి గడ్డము వరకు నాలుగు. ఇదే మూడు భాగముల లెక్కను రోమకదేశపు వాస్తువేత్త విట్రూవియసు కూడ క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున వ్రాసియుంచెను. సముద్రములకు ఆవలను ఈవలను ఉన్నవారు ఒక్కటే లెక్కకు వచ్చిరనగా, ఇరువురును మనుష్యునే కొలిచిరన్నమాట.

విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రము ఇంతటితో తృప్తిపడలేదు. మనుష్యులందఱు ఒక్కటే కొలత కారని అది ఎఱుగును. హంసుడు, భద్రుడు, మాలవ్యుడు, రుచకుడు, శశకుడు అని పురుషులను ఐదు తెగలు చేసి, హంసునకు నూటయెనిమిది అంగుళములు మొదలుకొని శశకునకు తొంబది అంగుళముల వరకు వేరువేరు ఎత్తులు చెప్పెను. ముఖమును ఎదుటనుండి చూచుట ఋజ్వాగతమనియు, ప్రక్కనుండి చూచుట పార్శ్వాగతమనియు, ఇట్లు తొమ్మిది స్థానములను పేర్కొనెను. తల ప్రక్కకు తిరిగినప్పుడు ఆవలి చెక్కిలి సన్నగిల్లును, ఈవలి చెక్కిలి విశాలమగును. దీనికి క్షయవృద్ధులని పేరు పెట్టెను. నేడు చిత్రకళాశాలలలో నెలలకొలది బోధించు పాఠమునకు అది రెండు మాటలలో పెట్టిన పేరు.

ఐనను ఒక చిక్కు మిగిలినది. పిల్లలమఱ్ఱి స్తంభముమీది నర్తకి ఎవరు? ఏ యింటి ఆడబిడ్డ? ఆమె ముఖము అందమైనదే కాని ఆమె ఎవరో చెప్పదు. కొలత మనకు ఒక మనుష్యుని ముఖము నిచ్చినది. ఫలానా మనుష్యుని ముఖము నీయలేదు. అది పోలిక చేయవలసిన పని.

పోలికను గూర్చి మన తెలుగువారికి చిన్ననాటినుండి తెలిసిన కథ యొకటి కలదు. బాణాసురుని కూతురు ఉష కలలో ఒక రాజకుమారుని చూచెను. అతడెవరో తెలియదు. చెలికత్తె చిత్రలేఖ లోకమునందలి రాజకుమారుల ముఖములను వరుసగా వ్రాసి చూపుచుండగా, అనిరుద్ధుని ముఖము వచ్చుసరికి ఉష సిగ్గుపడి తల వంచెను. భాగవతమునందలి ఈ కథను ప్రణయగాథగా మాత్రమే చదువుట వాడుక. చిత్రకారుని కంటితో చదివినచో ఇందొక శాస్త్రార్థము కలదు. చిత్రము బాగున్నదా లేదా యని చెప్పుటకు అధికారి ఎవరు? చిత్రకారిణి కాదు, పండితుడు కాదు. ఆ ముఖమును ఎఱిగిన మనిషి. గుర్తుపట్టినచో చిత్రము నిలిచినది, లేనిచో లేదు.

మఱియొక కథ నగ్నజిత్తు పేర నున్న చిత్రలక్షణమను గ్రంథమునందు కలదు. ఈ గ్రంథము మనకు టిబెట్టు భాషలోనికి జరిగిన అనువాదమువలన దక్కినది. ఒక బ్రాహ్మణుని కొడుకు అకాలమున మరణించెను. తండ్రి రాజునొద్దకు పోయి మొరపెట్టుకొనెను. యముడు పిల్లవానిని తిరిగి యీయనని పట్టుపట్టెను. అప్పుడు బ్రహ్మ రాజుతో, ఆ బాలుని రూపమును ఉన్నది ఉన్నట్లు వ్రాయుమని చెప్పెను. రాజు వ్రాసెను, బ్రహ్మ దానికి ప్రాణము పోసెను. భూలోకమున మొదటి చిత్రము అదియేనని ఆ గ్రంథము చెప్పును. మన పూర్వులు చిత్రకళకు పుట్టుక చెప్పవలసివచ్చినప్పుడు దేవుని బొమ్మతో గాని రాజు బొమ్మతో గాని మొదలుపెట్టక, చనిపోయిన ఒక పిల్లవాని ముఖముతో మొదలుపెట్టుట గమనింపదగినది.

పోలికకు శాస్త్రమున పేరు పెట్టినవాడు మన నేలను ఏలిన రాజే. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. నేటి నల్లగొండ, సూర్యాపేట సీమలు ఆనాడు ఆ చాళుక్యుల రాజ్యములోనివి. కొలనుపాక వారి ముఖ్యస్థానములలో ఒకటి. అద్దములో ప్రతిబింబమువలె ఉన్నదున్నట్లు వ్రాసిన చిత్రమును ఆయన విద్ధచిత్రమనెను. మనస్సులో తోచినట్లు వ్రాసిన దానిని అవిద్ధమనెను. అంతకంటె మనకు ఆసక్తి కలిగించునది ఆయన చెప్పిన పనిముట్టు. దీపపు మసిని అన్నపు మెతుకులతో కలిపి నూరి, వత్తివలె చేసి ఆరబెట్టి, దానితో మొదటి రేఖలు గీయవలెనని ఆయన చెప్పెను. దీనికి వర్తిక అని పేరు. ఆముదపు దీపపు మసియే మన తల్లులు పిల్లల కన్నులకు పెట్టిన కాటుక. ముఖముమీద కన్ను తీర్చిన పదార్థమే గోడమీదను కన్ను తీర్చినది. పెన్సిలు మన యెడకు రాక ఏడువందల యేండ్లకు ముందే పెన్సిలు చేయవలసిన పనిని అన్నము, మసి కలిసి చేసినవి.

నేటి పెన్సిలు కథ వేరు. పదునాఱవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమున బారోడేలు అను కొండలోయలో నల్లని, మెత్తని ఖనిజమొకటి దొరికినది. గొఱ్ఱెల కాపరులు దానితో తమ గొఱ్ఱెలకు గుర్తులు పెట్టుకొనెడివారు. అది సీసమని భ్రమించి నల్ల సీసమని పేరు పెట్టిరి. 1779లో షీలే అను రసాయన శాస్త్రజ్ఞుడు అది సీసము కాదు, ఒక విధమైన బొగ్గుసారమని తేల్చెను. పిదప దానికి గ్రాఫైటు అను పేరు వచ్చినది. ఫ్రాన్సు దేశమునకు ఇంగ్లండుతో యుద్ధము కలిగి ఆ ఖనిజపు రాకపోకలు నిలిచిపోగా, 1795లో కోంటే అను ఫ్రెంచి వాడు గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కొలిమిలో కాల్చి కడ్డీలు చేసెను. మట్టి హెచ్చినకొలది కడ్డీ గట్టిపడి గీత పలుచబడును. మట్టి తగ్గినకొలది మెత్తబడి గీత నల్లబడును. నేటి పెన్సిళ్లపై హెచ్, బి అను అక్షరములు ఈ తారతమ్యమునే తెలుపును. అదే గ్రాఫైటు మన తూర్పు కనుమలయందును కలదు.

పోలికను వెదకుటలో మన యెడ గొప్ప అధ్యాయము గోలకొండది. పదునేడవ శతాబ్దమున కుతుబ్‌షాహీ సుల్తానుల, వారి మంత్రుల, సేనానుల రూపచిత్రములను అచ్చటి చిత్రకారులు పుస్తకములుగా కూర్చి వ్రాసిరి. వర్తకమునకు వచ్చిన డచ్చివారు వానిని కొని తమ దేశమునకు కొనిపోయిరి. ఆమ్‌స్టర్‌డాము నగరపు రైక్స్ మ్యూజియమునందు అట్టి చిత్రములు నేటికిని కలవు. ఈ చిత్రములలో ముఖము ఎదుటనుండి కనబడుట అరుదు. పార్శ్వముగనో, ముప్పాతిక భాగము కనబడునట్లో ఉండును. దీనికి కారణము లేకపోలేదు. ఎదుటనుండి చూచినప్పుడు ముక్కునకు గీత లేదు, వెలుగునీడలే కలవు. ప్రక్కనుండి చూచినప్పుడు నుదురు, ముక్కు, పెదవి, గడ్డము ఒక్కటే రేఖయై ప్రవహించును. రేఖనే నమ్ముకొన్నవానికి మనిషి గుర్తు ఆ రేఖయందే దొరకును. నేడు నేర్చుకొనువాడు సైతము మొదట ప్రక్కముఖముతో ఆరంభించుట తేలిక.

ఆనాటి చిత్రశాలలలో పని ఎట్లు జరిగెడిదో కొంత తెలియుచున్నది. మొగలు చిత్రశాలలయందు ఒకరు రూపరేఖలు గీయగా, ఒకరు రంగులు నింపగా, ముఖమును మాత్రము అందు ఆరితేరిన వేరొకరికి అప్పగించుట కలదు. ఒకసారి చక్కగా కుదిరిన ముఖమును పలుచని తోలుమీదికి ఎత్తి, గీతల వెంబడి సూదితో రంధ్రములు పొడిచి, బొగ్గుపొడి చల్లి ఎన్ని ప్రతులైనను తీసెడివారు. దానిని చర్బా అందురు. హైదరాబాదునందు రెండవ నిజామైన నిజాము అలీఖాను కాలమున వేంకటాచలమను తెలుగు పేరుగల ఆస్థాన చిత్రకారుడు ప్రభువుల రూపములను వ్రాసి ప్రసిద్ధి కెక్కెను. పోలిక సిద్ధించినది. కాని ఎవరి పోలిక? సుల్తానులది, నవాబులది, దివానులది. పొలము దున్నినవాని ముఖమును అడిగినవారు లేరు, వ్రాసినవారు లేరు.

పల్లెలలో చిత్రకారులు లేరని దీని అర్థము కాదు. చేర్యాల నకాశీవారు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి, ఎఱ్ఱని నేలపై కులపురాణముల పటములు వ్రాసిరి. కూనపులివారు మార్కండేయ పురాణపు పటమును విప్పి పద్మశాలీల వాడలో రాత్రియంతయు కథ చెప్పెడివారు. దీపపు వెలుగున దూరమున కూర్చున్న ముసలివారికిని కనబడవలెను గనుక ఆ పటములలో కన్నులు పెద్దవి, కనుబొమలు దట్టములు, మీసములు గురుతులు. అచ్చటను ముఖమున్నది, అది కథలోని ముఖము. కథ వినుచున్నవాని ముఖము కాదు.

కథ వినుచున్నవాని ముఖమును, దారిన పోవువాని ముఖమును కాగితముపైకి తెచ్చినది ఇరువదవ శతాబ్దము. తెచ్చిన పనిముట్టు పెన్సిలు. రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు 1909 నుండి 1919 వరకు ఆస్వల్డు కూల్డ్రే దొరగారు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆయన స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావను యువకుని చేతిలోని శక్తిని గుర్తించి ప్రోత్సహించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు చేర్చినవాడు ఆయనయే. ఆ కళాశాలయందు గ్లాడ్‌స్టన్ సాలమన్ దొర 1919లో అధికారియై సజీవమైన మనుష్యుని ఎదుట కూర్చుండబెట్టి గీయించు తరగతిని ప్రవేశపెట్టెను. అంతవరకు విద్యార్థులు సున్నపు బొమ్మలను చూచి ముఖము నేర్చుచుండిరి. సున్నపు బొమ్మ కదలదు, అలసిపోదు, మనస్సు మార్చుకొనదు. మనిషి ఈ మూడును చేయును. వానిని చూచి గీయుటకు కన్ను వేగముగా పని చేయవలెను, చేయి తడబడక పోవలెను.

1897లో జన్మించిన రామారావు 1925లో మశూచివలన తన యిరువదియెనిమిదవ యేటనే మరణించెను. ఇంత స్వల్పకాలమున ఆయన విడిచిపోయిన రేఖాచిత్రములు వందలకొలది. స్కెచ్చు పుస్తకములు ఇరువదికి పైబడి కలవు. రాజమహేంద్రవరమున ఆయన పేర నున్న చిత్రశాలలో వానిని భద్రపరచిరి. ఆయన వర్ణచిత్రములను పొగడువారు పెక్కురు. నేర్చుకొనువారికి వానికంటె ఆ పుస్తకములే ఉపకరించును. పూర్తియైన చిత్రము ఫలితమును చూపును, స్కెచ్చు పుస్తకము దారిని చూపును. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ సైతము చిత్రకారిణులైరి. చిత్రలేఖ విద్య తెలుగింటి ఆడువారికి మరల దక్కుట ఆనాటి విశేషములలో ఒకటి.

ఇటు హైదరాబాదు రాష్ట్రమున 1940లో ప్రభుత్వ చిత్రకళాశాల వెలసినది. ఓరుగల్లు ప్రాంతమున పెనుగొండ గ్రామమున 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు అచ్చట చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసుగారియొద్ద శిక్షణ పొంది, తిరిగివచ్చి తాను చదివిన కళాశాలయందే దీర్ఘకాలము బోధించిరి. ఉన్నత పాఠశాలలకు డ్రాయింగు మాస్టర్లు వచ్చిరి. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకు పల్లె పిల్లలు కూర్చుండసాగిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలలో బడి పుస్తకపు వెనుక పుటలో సినిమా నాయకుల ముఖములు గీయని పిల్లవాడు అరుదు. గళ్లు గీసి, గడికి గడి పెద్దదిచేసి చిన్న ఫోటోను గోడకెక్కించు పద్ధతియు అందఱికి తెలిసినదే. గళ్ల పద్ధతివలన పోలిక వచ్చును, నిజమే. గళ్లు తీసివేసినచో చేయి ఆగిపోవును. ఫోటో తీసినవాడు చూచినదానిని మనము మరల వ్రాయుచున్నాము గాని మనము చూచినది కాదు.

ఇచ్చట నా అనుభవమొకటి చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. బాల్యమున నేను కొలతలన్నియు కంఠస్థము చేసితిని. కన్నులు తలకు నడుమ. తల వెడల్పు ఐదు కన్నులంత. రెండు కన్నుల నడుమ ఒక కన్నంత ఎడము. చెవి కనుబొమనుండి ముక్కు కొనవరకు. ముఖము మూడు సమభాగములు. ఈ విద్యతో ఒకనాటి మధ్యాహ్నము మా నాయనమ్మను అరుగుమీద కూర్చుండబెట్టి గీసితిని. ఒక్క కొలతయు తప్పలేదు. గర్వముతో కాగితమును ఆమె చేతికిచ్చితిని. ఆమె దానిని వెలుగువైపునకు పట్టుకొని చాలసేపు చూచినది. పిదప నెమ్మదిగా, "ఇది నేను గాదు బిడ్డా, మాయమ్మ!" అనినది. ఆమె కన్నులు చెమ్మగిల్లినవి.

నాకు మొదట అర్థము కాలేదు. తరువాత ఆలోచింపగా తెలిసినది. నాయనమ్మకు పండ్లు లేవు. పండ్లు ఊడిన ముఖమున దవడలు దగ్గరపడి, ముక్కునకును గడ్డమునకును నడుమ దూరము తగ్గిపోవును. మూడవ భాగము తక్కిన రెండింటికి సరిపోదు. నేను శాస్త్రమును నమ్మి, కంటిని నమ్మక, ఆ తగ్గిన భాగమును నింపి గీసితిని. అనగా తెలియకుండగనే ఆమెకు పండ్లు పెట్టితిని, ముప్పది యేండ్లు తగ్గించితిని. నడివయస్సున చనిపోయిన ఆమె తల్లి ముఖము అందునుండి బయటికి వచ్చినది. ఆ తల్లికి ఫోటో లేదు. ఆమెను చూచినవారు మా ఇంట నాయనమ్మ తప్ప ఎవరును లేరు.

మఱునాడు మరల గీసితిని. ఈ సారి పుస్తకపు కొలతను పలుచని గీతగా మాత్రము ఉంచి, ఎచ్చటెచ్చట ఈ ముఖము ఆ కొలతను ఒప్పుకొనుట లేదో వెదకితిని. గడ్డము పైకి వచ్చినది. పెదవులు లోనికి పోయినవి. చెవి తమ్మె కమ్మల బరువునకు సాగినది. ఒక కనురెప్ప రెండవదానికంటె వాలినది. ఆ తేడాలన్నియు కూడగట్టుకొనుసరికి నాయనమ్మ కాగితముమీద కూర్చున్నది. ఆమె చూచి నవ్వి, "ఇప్పుడు నేనే" అనినది. చిత్రలేఖకు ఉష యిచ్చిన తీర్పు వంటిదే నాకు ఆనాడు దొరకినది.

ఈ విద్యయందు నాకు తెలిసిన రహస్యమంతయు ఇంతియే. కొలత అనవసరము కాదు; అది లేనిచో తేడా ఎంతయో తెలియదు. బడిపిల్లవాడు మొదట గ్రుడ్డు ఆకారమును పలుచగా గీసి, నడుమ కన్నుల గీతను, మూడు భాగముల గీతలను పెట్టుకొనవలెను. హెచ్‌బి పెన్సిలు చాలును. పెన్సిలును కంటియెదుట చేయి చాపి పట్టుకొని, ఒక కన్ను మూసి, ఎదుటివారి ముఖపు భాగములను దానిమీద కొలుచుకొనవలెను. పిదప ఆ ముఖము ఎచ్చట తప్పుకొనుచున్నదో చూడవలెను. పసిపిల్లలకు కన్నులు తలకు నడుమకంటె క్రిందుగా నుండును. వృద్ధులకు ముక్కును చెవులును సాగియుండును. కన్నులకు రెప్పల అంచును, ముక్కునకు నీడను ముందుగా గుర్తింపవలెను. నల్లని గీతతో చుట్టు కట్టినచో ముఖము ముసుగువలె నగును. నీడలకు మెత్తని పెన్సిలు కడపట వాడవలెను. ఒకే ముఖమును పదిసార్లు గీయుట పది ముఖములను ఒక్కొక్కసారి గీయుటకంటె మేలు. ఇంటిలోని వృద్ధులు ఇందుకు తగినవారు. వారికి కూర్చుండు తీరిక కలదు, ముఖమున గీతలు కలవు.

నేడు ప్రతివాని చేతిలోను ఫోటో తీయు ఫోను ఉన్నది. ఇంత శ్రమ ఎందులకని అడుగవచ్చును. ఫోటో వచ్చుటకు రెప్పపాటు చాలును. అందువలననే తీసినవానికి ఆ ముఖము జ్ఞాపకముండదు. ఒక గంటసేపు ఒకరి ముఖమును చూచుచు కూర్చుండుట మన జీవితములో ఎన్నిసార్లు జరుగును? పెన్సిలు మనచేత ఆ పని చేయించును. గీసినవాడు చేయి ఆగిన పిమ్మటను ఆ ముఖమును మరువలేడు.

ఇంకొక సంగతియు కలదు. 1946 మొదలు 1951 వరకు జరిగిన రైతాంగ పోరాటమున సూర్యాపేట, హుజూర్‌నగర్ సీమలలో ఎందఱో ప్రాణములు విడిచిరి. పలువురి పేరులు ఊరి స్తూపములమీద కలవు. ముఖములు ఎచ్చటను లేవు. వారిని చూచిన కన్నులు ఒక్కటొక్కటిగా మూతపడుచున్నవి. ఆనాడు ఆ యూళ్లలో ఫోటో తీయువాడు లేడు. రెండు కానుల పెన్సిలు పట్టి ఎదుటి మనిషిని చూచి గీయగల చేయియు లేదు. నగ్నజిత్తు కథలోని తండ్రికి దొరకిన ఉపశమనము ఆ తల్లులకు దొరకలేదు.

మా ఇంట ఆ రెండు కాగితములను నేటికిని ఒక్క పెట్టెలోనే దాచితిమి. ఒకటి సరియైనది, ఒకటి తప్పు. సరియైనదానిలో నాయనమ్మ ఉన్నది. తప్పుగా గీసినదానిలో, ఆమె మాటను నమ్మినచో, ఆమె తల్లి ఉన్నది. ఆమె మాటను నమ్ముటకే మేము నిశ్చయించుకొంటిమి.